ఈకలు పీకిన కారు

బర్బాంక్, కాలిఫోర్నియా
ఫిబ్రవరి 8, 1948

అత్తయ్యకు లైల్ నమస్కరించి రాసేది,

నేను క్షేమం. నువ్వు, కోళ్లు క్షేమమని తలుస్తాను. విమానాల ఫ్యాక్టరీలో పని బాగానే ఉంది. ఈమధ్యే ఒక చిన్న ఇల్లు అద్దెకు తీసుకున్నాను. ఇంటావిడ "వంటగది చూడవా నాయనా?" అని అడిగితే, "అక్కర్లేదండీ, వెనక షెడ్డు తలుపు ఎంత వెడల్పో చూపించండి చాలు" అన్నాను. ఆవిడ నన్నదోలా చూసింది కానీ తాళం ఇచ్చింది.

ఇక అసలు సంగతి. ఐనార్ మామయ్య కారు ఇంకా కొట్టంలోనే ఉందా? అదే, 29 నాటి ఫోర్డు, గుడ్డ టాపుది, చిన్నప్పుడు నన్ను వెనక డిక్కీ సీట్లో కూర్చోబెట్టుకుని తిప్పేవాడు చూడు, అది.

ఇక్కడ మా ఈడు వాళ్ళందరికీ ఒకటే పిచ్చి. ఎక్కడో ఒక పాత ఫోర్డు బాడీ సంపాదిస్తారు. తుక్కు దుకాణంలో ఛాసిస్, అంటే అడుగు చట్రం, ఏరుకుంటారు. గుద్దుకుని మూలపడ్డ కారులోంచి ఎనిమిది సిలిండర్ల ఇంజన్ ఊడదీస్తారు. ఇవన్నీ కలిపి ఇంటి వెనక షెడ్డులో, సొంత చేతులతో, టాపు లేని ఒక కొత్త రోడ్‌స్టర్‌ను పుట్టిస్తారు. హాట్ రాడ్ అంటారు దాన్ని. కొండల అవతల ఎడారిలో ఎల్ మిరాజ్ అని ఎండిన సరస్సు ఉంది, పళ్ళెంలా చదునుగా. ఆదివారం తెల్లవారగానే బండ్లన్నీ అక్కడ పరుగెత్తుతాయి. వేగం గడియారం పెట్టి కొలుస్తారు. గంటకు నూరు మైళ్ళు దాటినవాణ్ణి శాండ్ క్రాబ్స్ క్లబ్బులో చేర్చుకుంటారు. దాటనివాడు గట్టు మీద నిలబడి చప్పట్లు కొట్టాలి.

అత్తయ్యా, యుద్ధంలో నేను ఓడ అడుగున ఇంజన్ గదిలో ఉండేవాణ్ణి. పైన ఏం జరుగుతోందో మాకు తెలిసేది కాదు, చప్పుళ్ళు మాత్రం వినబడేవి. భయం వేసినప్పుడు కళ్ళు మూసుకుని ఒక్కొక్క బోల్టే బిగిస్తూ ఒక కారు కట్టుకునేవాణ్ణి. ఎన్నిసార్లు కట్టానో లెక్క లేదు. ప్రతిసారీ దాని బాడీ మాత్రం మామయ్య కారుదే. అందుకే సిగ్గు విడిచి అడుగుతున్నాను, ఇస్తావా?

నీ మేనల్లుడు
లైల్

తా.క. అందులో కోళ్లు కాపురం పెట్టాయని విన్నాను. వాటికి అభ్యంతరం లేకపోతేనే.


కెల్డర్, నెబ్రాస్కా
ఫిబ్రవరి 20

చిరంజీవి లైల్‌ను అత్తయ్య దీవించి రాసేది,

కోళ్లూ నేనూ బాగున్నాం. మంచు ఇంకా కిటికీ దాకా ఉంది.

కారు ఉంది. మీ మామయ్య చనిపోయిన వారంలో నేనే దానికి దుప్పటి కప్పాను, మళ్ళీ తీయడానికి మనసు రాలేదు. నీకు కాక ఎవరికిస్తాను, తీసుకో. రోడ్లు ఆరగానే రైలుకెక్కిస్తాను. అయితే ఒక మాట విను.

స్టీరింగ్ వైపు తలుపు అంచున వరసగా నొక్కులుంటాయి. అవి తుప్పు కాదు, గుద్దుళ్ళు కాదు. మీ మామయ్య పొగాకు పైపు దులుపుకునేటప్పుడు అక్కడే కొట్టేవాడు. "మీకు బూటు మడమ లేదా?" అని ఎన్నిసార్లు తిట్టానో. ఇప్పుడు ఆ నొక్కుల మీద చెయ్యి పెడితే ఆయన వేళ్ళు తగిలినట్టు ఉంటుంది.

ఇంకొకటి. కారు కొన్న ఏటి నుంచీ ఆయన ఒకే పాట పాడేవాడు. "థోరా, ఈసారి గోధుమలు అమ్ముడుపోగానే నిన్ను ఈ కార్లో పసిఫిక్ సముద్రం దగ్గరికి తీసుకెళ్తాను" అని. ఒక ఏడు ధర లేదు. ఒక ఏడు గోధుమలే లేవు. ఆ తర్వాత కొన్నేళ్ళు దుమ్ము తప్ప ఏమీ లేదు. దుమ్ము తగ్గేసరికి ఆయన లేడు. ఆయనా సముద్రం చూసినవాడు కాదు, అయినా కళ్ళు మూసుకుని ఎంత బాగా చెప్పేవాడో. గాలి వీచినప్పుడు గోధుమ చేను ఎలా ఉంటుందో అలాగే ఉంటుందట, కాకపోతే కోతకు రాదట.

కాబట్టి నా షరతు ఒక్కటే. కారు తయారయ్యాక నువ్వు వచ్చి నన్ను ఎక్కించుకుని సముద్రం చూపించాలి. డ్రైవరు పక్క సీటు నాది. అది ఇప్పుడే రాసిపెట్టుకో.

ఆశీస్సులతో
అత్తయ్య

తా.క. ఎర్రకోడి కారు దిగనని మొండికేసింది. ఎలాగో దింపాను. సీటు కింద గుడ్డు కనబడితే వేయించుకోకు. అది ఏ కాలం నాటిదో దానికే తెలియదు.


బర్బాంక్
ఏప్రిల్ 18

అత్తయ్యకు లైల్ నమస్కారాలు,

కారు వచ్చింది! ఫ్యాక్టరీలో నాతో పనిచేసే గిల్ తన లారీలో స్టేషన్ నుంచి తెచ్చిపెట్టాడు. షెడ్డులో దింపాక తలుపు మూసి, ఆ సాయంత్రమంతా దాని చుట్టూ ఊరికే తిరిగాను.

పని మొదలైపోయింది. మడ్‌గార్డులు నాలుగూ తీసేశాను. ఫుట్‌బోర్డులు తీసేశాను. ముందూ వెనకా బంపర్లు తీసేశాను. గుడ్డ టాపు, దాని కమ్మీలు తీసేశాను. పెద్ద దీపాలు తీసేశాను. ఎంత అందంగా ఉందో చెప్పలేను! అన్నీ తీసేశాక వెనక్కి నడిచి, నిమ్మచెట్టు కింద కూర్చుని చూస్తే, ఇన్నాళ్ళూ ఏదో లోపల దాక్కుని ఉన్న కారు ఇప్పుడే బయటికి వచ్చి ఒళ్ళు విరుచుకుంటున్నట్టు అనిపించింది. మధ్యాహ్నం ఎండ, నిమ్మపూల వాసన, ఆ రేకు మీద వెలుగు. అలాగే నిద్రపోయాను.

తీసేసిన సామాను తుక్కు దుకాణానికి వేసేస్తాను.

నీ
లైల్

తా.క. గుడ్డు దొరికింది. నీ ఉత్తరం మళ్ళీ చదువుకునేలోపే గిల్ దాన్ని పగలగొట్టాడు. షెడ్డు తలుపులు రెండూ తీసే ఉంచాం.


కెల్డర్
ఏప్రిల్ 27

చిరంజీవి లైల్‌కు,

నీ ఉత్తరం చదివి పొయ్యి మీద పాలు పొంగిపోయినా చూసుకోలేదు. పక్కింటి సిగ్నేకు వినిపిస్తే ఆమె చేతిలో అల్లిక కింద పడేసి, "థోరా, పిల్లవాడు ఒక్కొక్క ముక్కా అమ్ముకుని తింటున్నాడు, వాళ్ళమ్మ ఉంటే ఎంత ఏడ్చేదో" అంది. నాకూ అదే తోచింది.

లైల్, నన్ను మభ్యపెట్టకు. మంచి కారు పంపితే అందంగా ఉందంటూ మడ్‌గార్డులు తీసేసేవాడు లోకంలో ఉంటాడా? కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టుంది. ఈకలు పీకిన కోడిని చూసి ఎవరైనా అందంగా ఉందంటే, వాడికి ఆకలిగా ఉందని అర్థం. మడ్‌గార్డులు అంటే కారుకు మర్యాదరా. బురదలో నడిచొచ్చినా నలుగురిలో తలెత్తుకునేది వాటివల్లే.

ఒక్క ముక్క కూడా తుక్కువాడికి వేయడానికి వీల్లేదు. తీసినవన్నీ పెట్టెల్లో సర్ది రైల్లో నాకు పంపు. రైలు కిరాయి నేను ఇక్కడ ఇస్తాను. ఈ ఉత్తరంతోపాటే ఊరబెట్టిన బీటుదుంప జాడీలు, ఎర్ర క్యాబేజీ, పొగబెట్టిన మాంసం, రై రొట్టెలు పంపుతున్నాను. ముందు తిను, ఆ తర్వాత మాట్లాడుకుందాం.

అత్తయ్య

తా.క. మీ ఊళ్ళో మన లూథరన్ చర్చి పాస్టరుగారికి ఉత్తరం రాశాను. ఆయన వస్తే బనియన్ కాదు, చొక్కా వేసుకుని కనబడు.

తా.తా.క. నా సీటు ఎలా ఉంది?


బర్బాంక్
మే 30

అత్తయ్యకు,

దేవుడు సాక్షిగా నేను పస్తులు ఉండటం లేదు! నీ రొట్టెలు తిన్నాం, మాంసం తిన్నాం. బీటుదుంపలు గిల్ కూడా తిన్నాడు, దాన్నిబట్టి మా ప్రయత్నలోపం లేదని తెలుసుకో. ఖాళీ జాడీల్లో బోల్టులు పోసుకున్నాను. షెడ్డు గోడకు వరసగా పెడితే ఎంత కళగా ఉందో.

పాస్టరుగారు వచ్చారు. నేను బండి కింద ఉన్నాను, కాళ్ళు మాత్రమే బయటికి కనబడుతున్నాయి. ఆ కాళ్ళతోనే ఆయన మాట్లాడారు.

"నాయనా, తింటున్నావా?"

"తింటున్నానండీ."

"మీ అత్తయ్యగారు కారు అమ్ముకుని తింటున్నావని రాశారు."

"అమ్మట్లేదండీ, బరువు తగ్గిస్తున్నాను. బరువు ఎంత తగ్గితే అంత వేగం."

ఆయన బూట్లు గుమ్మం వైపు తిరిగాయి. వెళ్ళిపోతున్నారేమో అనుకున్నాను. ఆ తర్వాత మెల్లగా, "ఎంత వేగం పోతుందేమిటి?" అన్నారు. ఇంకాసేపటికి కోటు తీసి నిమ్మకొమ్మకు తగిలించి నాకు పానా అందిస్తున్నారు. పోయిన ఆదివారం ప్రసంగమంతా మనిషి తనకు అక్కర్లేని భారాలు దించుకోవడం గురించే. అందరూ కళ్ళు తుడుచుకున్నారు. అది నా కారు బరువు సంగతని నాకొక్కడికే తెలుసు.

పాత ఛాసిస్, చక్రాలు, ఇరుసులు, నాలుగు సిలిండర్ల ఇంజన్, గేరుపెట్టె, అన్నీ కూడా దించేశాను. బాడీ ఇప్పుడు 32 నాటి ఛాసిస్ మీద కూర్చుంది, నేలకు జానెడు ఎత్తున. ముందు అద్దాన్ని కూడా కోసి పొట్టిది చేశాను. నీ మాట ప్రకారం తీసిందల్లా పెట్టెల్లో కట్టి షెడ్డు వెనక పేరుస్తున్నాను. గిల్ వచ్చి లారీలో స్టేషనుకు తీసుకెళ్తాడు. ఇంజన్ కూడా నీకే. అంత ఇంజన్‌తో ఏం చేస్తావో నాకు తెలియదు.

లైల్

తా.క. నీ సీటు సంగతి అడిగావు. భద్రంగా ఉంది.


కెల్డర్
జూన్ 21

చిరంజీవి లైల్‌కు,

పెట్టెలన్నీ చేరాయి. స్టేషన్‌మాస్టరు "థోరాగారూ, మీకు కారు ముక్కలుగా వస్తోందేమిటి?" అని అడిగాడు. "పోయినప్పుడు ఒక్కటిగానే పోయిందయ్యా" అని చెప్పాను. మడ్‌గార్డులు కడిగి, తుడిచి, ముందుగదిలో గోడకు ఆనించాను. దీపాలు కిటికీలో పెట్టాను. రాత్రిపూట దీపం వెలిగిస్తే వాటిలో నాకు నేనే రెండుగా కనబడుతున్నాను. తోడుగా ఉంది.

నువ్వు ఎండిన సరస్సు అంటూ అంత మురిసిపోతున్నావు, నాకు నచ్చలేదు. మా దగ్గర చెరువు ఎండితే ఏడ్చేవాళ్ళం. ఆ దుమ్ము సంవత్సరాల్లో పగలే దీపం పెట్టుకుని, తడిగుడ్డ మొహానికి కట్టుకుని కూర్చున్నవాళ్ళం. అందులో మీ మామయ్య ఆ గుడ్డలోంచే సముద్రం గురించి చెప్పేవాడు. నువ్వేమో ఎండిపోయిందాన్ని వెతుక్కుంటూ పోతున్నావు. ఎవరి పిచ్చి వాళ్ళకానందం.

ఊరికే కొన్ని సంగతులు అడుగుతున్నాను, ఊరికే. బ్రేకు కడ్డీలు ముందు చక్రాలవి మొదట బిగించాలా, వెనకవా? క్లచ్ పెడల్ కీచుమంటే ఏం పూయాలి? ఇంజన్ నుంచి తీసిన పెట్రోలు గొట్టం ఏ చివర ఏ వైపుకు వస్తుంది? చెక్కతో కట్టిన కోళ్లగూడు, నేల లేకుండా, ఎంత బరువుంటుంది నీ అంచనాలో?

కోళ్లను సిగ్నే ఇంటికి పంపేశాను. ఎర్రకోడి మాత్రం వెళ్ళలేదు.

అత్తయ్య

తా.క. నిన్న మధ్యాహ్నం పని మధ్యలో అలా కూర్చుండిపోయాను. ఎదురుగా మొక్కజొన్న చేలో గాలి. చూస్తూ చూస్తూ ఉంటే చేను ముందుకు వస్తున్నట్టు, నేను కదిలిపోతున్నట్టు ఉంది. సిగ్నే వచ్చి భుజం తట్టేదాకా నెబ్రాస్కాలో లేను.

తా.తా.క. "భద్రంగా ఉంది" అన్నావు. ఎక్కడ భద్రంగా ఉంది?


బర్బాంక్
జూలై 11

అత్తయ్యకు,

నీ ఉత్తరం చదివి కంగారు పడ్డాను. ముందుగదిలో మడ్‌గార్డులేమిటి? కిటికీలో దీపాలేమిటి? ఈ వయసులో కోళ్లను పంపించేయడమేమిటి? సరిగ్గా నిద్రపోతున్నావా? కోపం తెచ్చుకోకు, సిగ్నేగారికి కూడా ఒక ముక్క రాశాను, అప్పుడప్పుడు వచ్చి నిన్ను చూడమని.

నీకు అక్కర్లేకపోయినా జవాబులు చెప్పకుండా ఉండలేను, నా బలహీనత అది. వెనక చక్రాల బ్రేకులు మొదట. క్లచ్ ఇరుసుకు గ్రీజు. పెట్రోలు గొట్టం చివర ఇత్తడి గింజ ఉన్నది కార్బురేటర్‌కు. పూర్తి పద్ధతి బొమ్మలు గీసి వెనక కాగితాల్లో పెట్టాను. కోళ్లగూడు బరువు నాకు తెలియదు అత్తయ్యా, అది మాకు పాఠాల్లో లేదు.

మా రోడ్‌స్టర్ దాదాపు అయిపోయింది. బాడీ మొత్తం రుద్ది రుద్ది సబ్బుబిళ్ళలా చేశాను. పైన మట్టిరంగు పూత ఒక్కటే. పోయిన వారం బ్యాటరీ, స్టార్టరు కూడా తీసేశాను. గిల్ తన లారీతో వెనకనుంచి నెడతాడు, ఆ ఊపుకు ఇంజన్ అందుకుంటుంది. సరస్సు మీద చాలామంది ఇలాగే చేస్తారు.

సాయంత్రాలు అందులో కూర్చుని స్టీరింగ్ పట్టుకుంటాను. షెడ్డు గోడే ఎదురుగా ఉంటుంది కానీ నాకు గోడ కనబడదు. తెల్లటి నేల, చివర కొండలు నీళ్ళలో తేలుతున్నట్టు. ఓడలో కళ్ళు మూసుకుంటే వచ్చే కల ఇప్పుడు కళ్ళు తెరిచినా పోవట్లేదు.

లైల్

తా.క. సీటు ఒక పెట్టెలో ఉంది. చాలా గట్టి పెట్టె.


కెల్డర్
ఆగస్టు 9

లైల్‌కు,

గట్టి పెట్టె నిన్న చేరింది. మీ గిల్ షెడ్డు వెనక ఉన్నవన్నీ ఎక్కించేసినట్టున్నాడు.

నా సీటును గుర్తుపట్టాను. పైపు నిప్పు పడి కాలిన చోట నేను వేసిన అతుకు అలాగే ఉంది.

తనంతట తాను బయల్దేరలేని బండి, పక్కన ఒక మనిషి కూర్చోలేని బండి. ఎవరికోసంరా అంత వేగం?

థోరా

(తా.క. లేదు.)


బర్బాంక్
ఆగస్టు 22

అత్తయ్యా,

ఆ బ్రాకెట్టులో రాసింది చదివాక అన్నం సహించలేదు. నిజం చెప్పేస్తాను. మిలిటరీ మిగులు సామాన్లలో బాంబర్ విమానపు సీటు ఒకటి చవగ్గా దొరికింది. తేలిక. ఒక్కరికే సరిపోతుంది. అది బిగించాక పక్కన చోటు లేదు. నీకు చెప్పాలని ప్రతి ఉత్తరానికీ అనుకుంటాను, చివరికి "భద్రంగా ఉంది" అని రాసి కవరు అంటించేస్తాను. ఫ్రేములు, ఇంజన్లు ఇట్టే విప్పేశాను కానీ ఈ ఒక్క మాట విప్పడానికి ధైర్యం చాలలేదు.

పరుగు అయ్యాక ఒక పలక వేసి నీకు చోటు చేస్తాననుకున్నాను. రాస్తుంటే నాకే సిగ్గేస్తోంది. పలక!

అయినా పరుగు జరిగేలా లేదు. అక్టోబరు మొదటి ఆదివారం ఎల్ మిరాజ్‌లో ఈ ఏటికి ఆఖరి కూడిక. గిల్ పెళ్ళి కుదిరింది, పిల్ల తండ్రి మాట మీద లారీ అమ్మేసి కిరాణా కొట్టు పెడుతున్నాడు. నన్ను నెట్టేవాళ్ళు లేరు. క్లబ్బువాళ్ళను అడిగితే, "ఎవరి బండిని వాళ్ళే నెట్టించుకోవాలి, అది కూడా లేనివాడు రావడం దేనికి?" అని నవ్వారు. పాస్టరుగారి సైకిల్‌తో నెట్టించుకోలేను కదా. ఎవరో ఒకరు దయతలుస్తారని కారును తాడు కట్టి లాగించుకునైనా వెళ్తాను. అందరూ పోయేదాకా బయల్దేరే గీత దగ్గరే కూర్చుంటాను.

ఈ ఉత్తరానికి జవాబు రాయకపోయినా ఫర్వాలేదు. తిట్టినా ఫర్వాలేదు. తిడుతూ తా.క. మాత్రం రాయి.

లైల్


బర్బాంక్
అక్టోబరు 5

అత్తయ్యకు,

ఆరు వారాలుగా నీ దగ్గర్నుంచి ఒక్క ముక్క లేదు. అయినా ఈ సంగతి నీకు కాక ఎవరికి రాయను?

పొద్దు పొడవకముందే గీత దగ్గరికి చేరాను. నా ముందున్నవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళారు. ఎండ ఎక్కింది. గాలి తిరుగుతోంది, ఇంకాసేపట్లో ఆపేస్తామని జెండా మనిషి అన్నాడు. నేను ఆ బాంబర్ సీట్లో, కళ్ళద్దాలు పెట్టుకుని, తల వంచుకుని కూర్చున్నాను. ఇక దిగిపోదామనుకున్నాను.

అప్పుడు వెనక ఏదో తగిలింది. గట్టిగా కాదు, ఆవు మూతితో తోసినట్టు మెత్తగా. తిరిగి చూద్దామంటే పట్టీ కట్టేసి ఉంది, వెనకంతా దుమ్ము. జెండా ఊగింది. బండి కదిలింది. నెట్టేవాడెవడో గానీ తొందర లేదు, భయం లేదు. క్లచ్ వదిలాను. ఎనిమిది సిలిండర్లూ ఒకేసారి లేచాయి.

ఆ తర్వాత చప్పుడు వెనకే ఉండిపోయినట్టుంది. తెల్లటి నేల నా కిందినుంచి జారిపోతోంది, కొండలు మాత్రం కదలవు. చివర నీళ్ళు మెరుస్తున్నాయి, అవి నీళ్ళు కావని తెలుసు, అయినా వాటివైపే వెళ్తున్నాను. అంత హాయిలోనూ ఒక్కటి తెలిసింది. పక్కన ఖాళీగా ఉంది అత్తయ్యా. నువ్వుండాల్సిన చోటు. ఆ ఖాళీ కూడా నాతోపాటే అంత వేగంగానూ వచ్చింది, ఒక్క అంగుళం వెనకబడలేదు.

నూటపదహారు మైళ్ళు! క్లబ్బువాళ్ళు నన్ను ఎత్తి గాల్లోకి విసిరారు. అప్పటిదాకా నవ్వినవాళ్ళే. నేను కిందకు దిగి నెట్టినవాళ్ళకు దండం పెడదామని పరుగెత్తేసరికి ఎవరూ లేరు. "ఏదో పొడుగాటి పాత బండి, దుమ్ములో సరిగ్గా కనబడలేదు" అన్నాడు జెండా మనిషి. పాస్టరుగారైతే దేవదూత అంటున్నారు.

నువ్వు చెప్పింది నిజం. తనంతట తాను బయల్దేరలేని బండి. ఎవరో తెలియని ఒక మనిషి దయతో నడిచింది. బాంబర్ సీటు నిన్ననే విప్పేశాను. నా సీటు, నీ సీటు రెండూ పట్టేలా బెంచీ కొలత తీస్తున్నాను. నీ పాత సీటు తిరిగి పంపుతావా?

లైల్

తా.క. ఒక వింత. కారు వెనక, నెట్టేందుకు బిగించిన ఇనుప కమ్మీకి కోడి ఈక ఒకటి అంటుకుని ఉంది, ఎర్రది. ఆ ఎడారిలో కోడెక్కడిది?


ఓషన్‌సైడ్, కాలిఫోర్నియా
అక్టోబరు 19

చిరంజీవి లైల్‌ను అత్తయ్య దీవించి రాసేది,

నీ ఉత్తరం కెల్డర్ దాకా వెళ్ళి, సిగ్నే దాన్ని ఇక్కడి పోస్టాఫీసుకు పంపితే, నిన్న చేతికందింది. నేను నీకు చాలా దగ్గర్లోనే ఉంటే, ఉత్తరాన్ని నెబ్రాస్కా చుట్టూ తిప్పావు.

నువ్వు కారు బాడీ తీసుకున్నావు. మిగిలిందంతా నాకే పంపావు కదరా. ఛాసిస్, చక్రాలు, ఇంజన్, గేరుపెట్టె, మడ్‌గార్డులు, దీపాలు, బంపర్లు. బాడీ ఒక్కటే తక్కువ. మా పెరట్లో కోళ్లగూడు మంచి ఓక్ చెక్కది, మీ మామయ్య కట్టింది, కిటికీ కూడా ఉంది. దాన్నెత్తి ఛాసిస్ మీద బిగించాం. నాకు మతి పోయిందేమో చూడమని సిగ్నేకు రాశావట. ఆమె వచ్చింది, చూసింది, పోయిందో లేదో తేల్చుకోలేక సుత్తి పట్టుకుంది. మిగతాది నీ బొమ్మల కాగితాలు చేసిపెట్టాయి. వెనక బ్రేకులు మొదట. క్లచ్ ఇరుసుకు గ్రీజు. ఒక్క చోట కూడా తప్పు చెప్పలేదు, ఆ మాత్రం ఒప్పుకుంటాను.

ఆగస్టులో నాకొచ్చిన కోపం అంతా ఇంతా కాదు. సరే, సముద్రానికి నేనే వెళ్తాను, వెళ్ళే దారిలో ఆ ఎడారిలో దిగి వాణ్ణి నలుగురిలో కడిగేస్తాను, అనుకుని బయల్దేరాను. వాయోమింగ్, యూటా కొండలన్నీ నిన్ను ఎలా తిట్టాలో సాధన చేస్తూ దాటాను. చాలా బాగా కుదిరింది ఆ తిట్టు. వినుంటే నువ్వు కూడా మెచ్చుకునేవాడివి.

తీరా వచ్చి చూస్తే, గీత దగ్గర ఐనార్ కారు. అది ఈకలు పీకిన కోడి కాదు లైల్, నేనే తప్పు. ఎండలో అది ఎంత సన్నగా, ఎంత శాంతంగా ఉందో. అందులో నువ్వు తల వంచుకుని, చిన్నప్పుడు డిక్కీ సీట్లోంచి మామయ్య కోసం ఎదురుచూసినట్టే. ఒక్కడు కూడా నెట్టడు. కోపం కోపమే, పిల్లవాడు పిల్లవాడే. గేరు వేశాను. నువ్వు అక్కర్లేదని తీసి పంపిన బంపరుతోనే నిన్ను నెట్టాను.

ఆ తర్వాత నువ్వు ఆ కుర్రాళ్ళ భుజాల మీద ఉన్నావు. నేను నీ బండి పక్కగా వచ్చి ఒక్క క్షణం ఆగాను. అంతా సబ్బుబిళ్ళలా రుద్దేశావు. తలుపు అంచున నొక్కులు మాత్రం అలాగే ఉన్నాయి, ఒక్కటి కూడా ముట్టుకోలేదు. నా తిట్టు అక్కడే మర్చిపోయాను. దిగుదామా అనుకున్నాను. కానీ అంత సంబరం మధ్యలోకి కోళ్లగూడుతో ఎలా వస్తాను? పైగా ఏడుస్తున్నాను.

సముద్రం చూశాను. పది రోజులుగా చూస్తూనే ఉన్నాను. ఆయన చెప్పింది నిజమే, గాలి వీచిన గోధుమ చేనే. కోతకు రాదు, అంతే. ఎర్రకోడి మొదటి రోజు భయపడింది, ఇప్పుడు అలల వెంట పరుగెడుతోంది.

పాత సీటు పంపమన్నావు. పంపను. అది నా బండిలో ఉంది, మీ మామయ్య కాల్చిన చోట నేను వేసిన అతుకుతో సహా. డ్రైవరు వైపు నేను కూర్చుంటున్నాను. పక్క చోటు ఖాళీ. ఆ బెంచీ పని ఆపి, ఆదివారం రైలెక్కి రా. నేను తీసుకెళ్తాను, ఒడ్డు వెంట ఎంత దూరమంటే అంత దూరం. నాది స్టార్టరు ఉన్న బండి, ఎవరూ నెట్టక్కర్లేదు.

ఆశీస్సులతో
అత్తయ్య

తా.క. నిన్ను నెట్టాక పక్కకు తప్పుకోవాలని నాకెవరూ చెప్పలేదు. నీ వెనకే సరస్సు చివరిదాకా పోయాను. ఆ గడియారం వాళ్ళు నాకూ చీటీ ఇచ్చారు. నలభైతొమ్మిది మైళ్ళు. కోళ్లగూళ్ళలో ఇంతవరకు ఇదే ఎక్కువట.

తా.తా.క. వచ్చేటప్పుడు నా బీటుదుంప జాడీలు తీసుకురా. బోల్టులు తీసి కడిగి మరీ.